మన జీవామృతం వాళ్ల రహస్యమా?

వీడియోలో పేరు చెరిపేసి ఒక ఒప్పంద పత్రం చూపించాను కదా, దాని సంగతే ఇది.

కడియంలో మా నర్సరీ మొక్కలు కొంటామని ఒక కంపెనీ వచ్చింది. సాగు పద్ధతులు, ద్రావణాలు, మన మధ్య నడిచే సమస్తం రహస్యమేనని కాగితంలో రాసుకొచ్చారు. అంటే 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి కలపడం కూడా! పాలేకర్ గారు ఊరూరా తిరిగి చెప్పింది రహస్యం ఎలా అవుతుందండీ? సంతకం పెడితే ఈ వీడియోలే ఆపేయాలి.

వ్యాపార రహస్యాలకు విడిగా చట్టం కావాలని లా కమిషన్ 2024లో 289వ నివేదిక ఇచ్చింది. ఇప్పటికి మాత్రం కాగితంలో ఏం రాశారన్నదే మనకు ముఖ్యం. ట్రిప్స్ ఒప్పందం 39వ అధికరణం ప్రకారమైతే, ఆ రంగంలో వాళ్లకి మామూలుగా తెలియనిదై ఉండాలి, అందువల్లే దానికి విలువ ఉండాలి, దాచడానికి తగిన జాగ్రత్త కూడా పడి ఉండాలి.

వాళ్ల ధరలు, కొనేవాళ్ల జాబితా దాచమంటే న్యాయమే. అంటు కట్టడం నేను మా నాన్న దగ్గర నేర్చుకున్నా. అది నాదే కాదు, కడియపులంక అంతటిదీ.

నాకు ముందే తెలిసినవి రహస్యం కావని రాయమన్నాను, ఒప్పుకున్నారు. దాచాల్సినవి విడిగా జాబితా ఇస్తామన్నారు. గడువు దగ్గరే బేరం ఇంకా తెగలేదు.