తీర్పు బయటివారిది

చదివిన ప్రతిచోటా ఫస్టొచ్చిన విద్యార్థికి, అందరూ ఫస్టొచ్చినవాళ్లే ఉన్న గదిలో నోరు పెగలదు. అమెరికాలోని స్వార్త్‌మోర్ కాలేజీ ఆనర్స్ కోర్సులో ఈ బెరుకుకు విరుగుడు పరీక్ష పద్ధతిలోనే ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన కాలేజీ అధ్యక్షుడు ఫ్రాంక్ ఏడెలాట్ 1922లో దీన్ని ప్రారంభించారు. చివర్లో రాతపరీక్ష పెట్టేదీ, ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు గుప్పించేదీ, ఆనర్స్ స్థాయి తేల్చేదీ బయటి సంస్థల పండితులే. తుది తీర్పు తనది కాదు గనుక పాఠం చెప్పిన గురువూ విద్యార్థుల పక్షమే. మన అనుబంధ కాలేజీల్లోనూ పేపరు బయటినుంచే వస్తుంది. కానీ కిక్కిరిసిన క్లాసులో మాట్లాడే వంతెప్పుడొస్తుంది? అక్కడ సెమినార్‌కు సాధారణంగా ఎనిమిది మందికి మించరు. గంటల తరబడి వాదన, మధ్యలో చిరుతిళ్లు, మళ్లీ వాదన. ఎవరు మౌనంగా ఉన్నా ఇట్టే తెలిసిపోతుంది.