స్పీడు, సపది, స్ఫాతి

ఆంగ్లమునందలి 'స్పీడు' శబ్దము మన 'సపది' యను అవ్యయమునుండి పుట్టినదని ఇటీవల ఒక విద్యార్థి నాతో ననెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునుండి తార్నాక కూడలివైపు నడచుచుండగా, దారిలో 'స్పీడు బ్రేకరు' అను పలకను చూచి అతడీ ప్రసంగము నెత్తెను. సపది యనగా తత్క్షణమే. అక్షరములు సరిపోయినవి, అర్థమును సరిపోయినది. పాఠశాలలో చదివిన నాబోటి వృద్ధునకు ఇట్టిమాట వినుట మొదట సంతోషముగనే యుండును. కాని అది నిజము కాదు. నాకమనగా సంస్కృతమున స్వర్గము గనుక, ఈ లెక్కను తార్నాక తారకల స్వర్గము కావలసివచ్చును! 'తార్' అనగా తీగ, 'నాకా' అనగా కాపలాద్వారము. తీగకంచెతోడి నాకా యొకటి అచట నుండెడిదని స్థానికులు చెప్పుదురు.

ప్రాచీనాంగ్లమున ఈ శబ్దరూపము 'స్పేడ్'. దాని ప్రధానార్థము వేగము కాదు. కార్యసిద్ధి, అభ్యుదయము, సమృద్ధి. దానినుండి యేర్పడిన 'స్పేడిగ్' అను విశేషణమునకు ధనవంతుడని యర్థము. వేగార్థము తరువాత పొడసూపినను, పాత యర్థము చిరకాలము నిలిచినది. 1611 నాటి ఆంగ్ల బైబిలులో అబ్రాహాము సేవకుడు బావియొద్ద నిలిచి, ఆ దినమున తనకు 'గుడ్ స్పీడ్' అనుగ్రహింపుమని దైవమును వేడును. ఒంటెలు పరుగెత్తవలెనని కాదు, యజమాని కుమారునకు కన్యను వెదకు పని నెరవేరవలెనని. ప్రయాణమై పోవువారిని 'గాడ్ స్పీడ్' అని దీవించుటయు ఇట్టిదే. తొందర హెచ్చినకొలది స్పీడు తగ్గునను ఆంగ్ల సామెత నేటివారికి చమత్కారముగ తోచును. తొలుత అది తొందరపడిన పని చెడునను సూటిమాట.

మన 'వేగము' కథ వేరు. భయచలనార్థకమైన విజ్ ధాతువునుండి అది పుట్టినది. 'ఉద్వేగము'న ఆ భయము నేటికిని వినబడును. 'త్వర'యు సంభ్రమార్థకమైన ధాతువునుండి వచ్చినదే. ఆంగ్లేయునకు సమృద్ధినుండి వేగము పుట్టగా, మనకు గుండెదడనుండి పుట్టినది.

ఇక స్పీడునకు నిజమైన బంధువెవరు? భ్వాదిగణమున వృద్ధ్యర్థకమైన స్ఫాయ్ ధాతువు కలదు. నిష్ఠాప్రత్యయము పరమగునపుడు దానికి 'స్ఫీ' ఆదేశమగునని పాణిని విధించెను, అందుచే 'స్ఫీతము'. క్తిన్ ప్రత్యయముతో 'స్ఫాతి', వేదమునందును కలదు. స్పీడు ఈ స్ఫాతికి తోబుట్టువు. ధాతువు మాత్రమే కాదు, 'తి' ప్రత్యయమును ఒక్కటే. పితృశబ్దములోని పకారము ఆంగ్లమున 'ఫాదర్' అని మారినది గదా, స్పీడులో నేల మారలేదందురేమో. సకారమునకు పరమైన పకారము ఆ భాషలలో మారదు.

'తి'లోని తకారము దకారమగుటకు కారణము ఇంకను విశేషము. జర్మను భాషలో తండ్రి 'ఫాటెర్', సోదరుడు 'బ్రూడెర్'. మూలమున రెంటను తకారమే యుండగా ఈ భేదమేల వచ్చినది? డెన్మార్కు దేశపు పండితుడు కార్ల్ వెర్నర్ దీనికి సమాధానమును వైదికస్వరములో కనుగొనెను. భ్రాతృశబ్దము ఆద్యుదాత్తము, పితృశబ్దము అంతోదాత్తము. తకారమునకు ముందటి అచ్చు ఉదాత్తమైనచో ఒక పరిణామము, కానిచో వేరొక పరిణామము. స్పీడు మూలరూపమున ఉదాత్తము ప్రత్యయముపై నుండుటచేతనే తకారము దకారమైనది. మన వేదపండితులు గురుముఖమున కాపాడుకొనివచ్చిన స్వరము జర్మను హల్లుల చిక్కును విప్పినదన్నమాట. ఈ సంగతి మన పాఠశాలలలో నాకెవ్వరును చెప్పలేదు. నలువది యేండ్లు దాటిన పిమ్మట నంతట నేనే చదివి తెలిసికొంటిని. ఆ ఆలస్యమునకు నేటికిని చింతింతును.

తులనాత్మకశాస్త్రము సంస్కృతమును జననీపదమునుండి దించి తోబుట్టువును చేసినదని కొందరు పెద్దలకు కినుక. 1786లో కలకత్తాలో విలియం జోన్సు ప్రసంగించిన నాటినుండి వచ్చిన కినుక యిది. సంస్కృతము తెలుగునకు జనని యనియు మనము చెప్పుకొంటిమి. 1816లో క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన టిప్పణిలో ఎల్లిస్ దక్షిణభాషలు వేరు కుటుంబమని చూపెను. అందువలన తెలుగునకు గాని సంస్కృతమునకు గాని లోటేమి వచ్చినది? సపదిని స్పీడునకు తల్లిని చేయుటవలన సంస్కృతమునకు వచ్చు గౌరవము, ప్రశ్నించిన మొదటి శ్రోతతోనే పోవును. స్ఫాతి విషయమున నట్లు కాదు.

ప్రాచ్యభాషా పరీక్షలలో ధ్వనిపరిణామముపై నొక పత్రమును చేర్చుట అవసరము. బోధించువారు లేరనుట సాకు మాత్రమే. విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖవారిని మన తరగతులకు పిలువవచ్చును; ఉదాత్తానుదాత్తముల పాఠము వారి విద్యార్థులకు మనము చెప్పవచ్చును.