వెనక సీటు ఎవరి కోసం?

ఆడపిల్ల తన జీతంతో తనకోసం ఒక కారు కొనుక్కుంటానంటే, ఆ కారు గురించి మాట్లాడేవాళ్ళకన్నా అందులో ఎక్కబోయేవాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళే ఎక్కువ. రేపు పెళ్ళయితే? ఎల్లుండి పిల్లలు పుడితే? మేమొస్తే ఎక్కడ కూర్చోవాలి? రెండు నెలలుగా మా ఇంట్లో ఇదే రామాయణం. అందుకే ఈసారి పండగలూ పిండివంటలూ పక్కనపెట్టి కార్ల గురించి రాస్తున్నాను. తెలుగు బి.ఎ. చదివినావిడకి స్పోర్ట్స్ కార్ల సంగతి దేనికని నవ్వుకోకండి. కూతురు పుణ్యమా అని ఇప్పుడు నాకు గేర్‌బాక్సుల గురించి కూడా కాస్తో కూస్తో తెలుసు.

మా పెద్దమ్మాయి అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటుంది. ఎం.ఎస్. అయ్యి, ఉద్యోగంలో కుదురుకుని, ఈమధ్యే హెచ్1బి వీసా కూడా వచ్చింది. చదువుకునే రోజుల్లో సీనియర్ దగ్గర కొన్న పాత కారు ఇప్పుడు నెలకోసారి మెకానిక్ షెడ్డుకి వెళ్తోంది. దాన్ని వదిలించుకుని స్పోర్ట్స్ కారు కొనుక్కుంటానంది. కొత్తది కాదు, సెకండ్ హ్యాండ్‌దే. ఆఫీసుకైనా, గుడికైనా, ఇండియన్ స్టోరుకైనా అదే బండి. చూసి చూసి చివరికి రెండింటి దగ్గర ఆగింది. ఒకటి మజ్దా మియాటా, రెండోది టయోటా 86. రెండూ 2017 మోడళ్ళు, రెండూ మాన్యువల్ గేర్లవే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. మియాటా పొట్టి కారు. గుడ్డతో చేసిన పైకప్పుని చేత్తోనే వెనక్కి మడిచేయొచ్చు. ఉన్నవి రెండే సీట్లు. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి జనానికి చూపించారట. 2016 నాటికి పదిలక్షల కార్లు తయారయ్యాయి. మా అమ్మాయి చూసిన మోడల్ బరువు వెయ్యి కిలోల పైన కొంచెం, ఇంజిను 2 లీటర్లు, 155 హార్స్‌పవర్. టయోటా 86ని టయోటా, సుబారు కంపెనీలు కలిసి తయారుచేశాయి. దీని కప్పు గట్టిది. తలుపులు రెండే అయినా వెనక ఇంకో రెండు సీట్లున్నాయి. ఇంజిను ఇదీ 2 లీటర్లే, 205 హార్స్‌పవర్. 1980ల నాటి కొరొల్లా ఒకదానికి కంపెనీ వాడిన ఏఈ86 అనే గుర్తు నుంచి ఆ 86 వచ్చింది. రెండు కార్లకీ ఇంజిను ముందుంటుంది, తిరిగేవి వెనక చక్రాలు.

ఇంట్లో అందరూ 86కే ఓటేశారు. మావారు, మా అత్తగారు, మా ఆడపడుచు, ఆఖరికి మా చిన్నది కూడా. కారణం అందరికీ ఒక్కటే, దానికి వెనక సీటుంది.

సరే, ఆ వెనక సీటు సంగతే చూద్దాం. మా అమ్మాయి టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు తన స్నేహితురాల్ని వెనక కూర్చోబెట్టి వీడియో కాల్‌లో చూపించింది. ఆ పిల్ల అయిదడుగుల రెండంగుళాలుంటుంది. ముందు సీటు బాగా జరిపితే తప్ప ఆమె మోకాళ్ళు పట్టలేదు. తల పైన వెనక అద్దం వంపు. మావారు అయిదడుగుల పదంగుళాల మనిషి, పైగా మోకాళ్ళ నొప్పులు. ఆయన అందులోకి దూరి, కూర్చుని, మళ్ళీ బయటికి రావడం ఊహించుకుంటే నాకే ఆయాసం వచ్చింది. పసిపిల్లలకి వాడే, వెనక్కి తిరిగి ఉండే సీటు బిగించాలన్నా అంతే, ముందు సీటు డాష్‌బోర్డుకి ఆనాల్సిందే. పేరుకి నాలుగు సీట్లు, కూర్చోగలిగేది ఇద్దరే. అలాంటప్పుడు నలుగురి సౌకర్యం పేరు చెప్పి 86ని పొగడడంలో అర్థం లేదు. నలుగురూ కూర్చోవాలంటే కామ్రీ కొనుక్కోవాలి. ఆ మాట నేరుగా అంటే దానికొక మర్యాద ఉంటుంది.

మరో సంగతి. మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో థార్ కొన్నాడు. దానికీ ముందు తలుపులు రెండే, వెనక సీటెక్కాలంటే చీర కట్టుకున్నవాళ్ళకి దేవుడే దిక్కు. వాడికీ పెళ్ళి కాలేదు. కానీ వాణ్ణి ఎవరూ పిల్లల సీటు గురించి అడగలేదు. "కుర్రాడు సరదాపడ్డాడు" అని కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి పంపారు. మావారు కాలేజీ రోజుల్లో నడిపిన ఆర్‌ఎక్స్ 100 కథలు మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో కనీసం వందసార్లు విన్నాను. ఆ బండి మీద ఆయన ఎవర్నీ ఆస్పత్రికీ తీసుకెళ్ళలేదు, సరుకులూ మోయలేదు. నడిపినప్పుడు ఆనందంగా ఉండేది, అంతే. మగపిల్లాడి సరదాకి ఆ ఒక్క కారణం చాలినప్పుడు, ఆడపిల్ల సరదాకి పుట్టబోయే బిడ్డని సాక్ష్యానికి పిలవడం నాకు నచ్చలేదు.

అలాగని పిల్లకి నచ్చింది కాబట్టి కళ్ళు మూసుకుని కొనెయ్యమని నేననను. అది రోజూ తిరగాల్సిన బండి. ఆదివారం నడిపి గ్యారేజీలో కప్పిపెట్టేది కాదు. అందుకని కొలత కావాలి. రోజూ నడిపే మనిషి దినచర్యే ఆ కొలత కావాలని నా వాదన. మేమిద్దరం ఫోన్లో కూర్చుని ఆ లెక్కే వేశాం.

ఆఫీసు ఇరవై మైళ్ళ దూరం. రానూపోనూ నలభై, వారానికి రెండొందల మైళ్ళు. ప్రభుత్వ లెక్కల ప్రకారం మాన్యువల్ మియాటా గ్యాలన్‌కి 29 మైళ్ళ దాకా ఇస్తుంది, మాన్యువల్ 86 దాదాపు 24. అంటే వారానికి ఒక గ్యాలన్నర తేడా. ఆ డబ్బుతో కొంపలు మునగవు, మేడలూ లేవవు. పెట్రోలు లెక్క పక్కనపెట్టొచ్చు.

డిక్కీలో మాత్రం తేడా ఉంది. మియాటాది 130 లీటర్లు, 86ది 195. పోల్చుకోవడానికి చెప్తున్నాను, ఇక్కడ మా వ్యాగన్ ఆర్‌ది 341. ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా, కూరగాయల సంచులు, పాలడబ్బా మియాటాలో పడతాయి. వాటితోపాటు కాస్ట్‌కో నుంచి టిష్యూ రోళ్ళ కట్ట కూడా తేవాలంటే పక్క సీటే గతి. 86లో వెనక సీటు మడిచేస్తే నాలుగు టైర్లు పట్టేంత చోటు వస్తుంది. నిజానికి ఆ వెనక సీటుకి ఉన్న అసలు ప్రయోజనం అదే, సామాను. ఒంటరిగా ఉండే పిల్లకి వారానికోసారి తెచ్చే సరుకులు ఎన్నుంటాయో మీకు తెలుసు. మియాటా సరిపోతుంది.

తర్వాతది రొద. గుడ్డ కప్పు ఎంత బాగా బిగించినా హైవే మీద లారీల చప్పుడు లోపలికి వస్తుంది. ఆఫీసుకి వెళ్తూ రోజూ నాతో ఫోన్లో మాట్లాడే అలవాటు మా అమ్మాయికి. మియాటా కొంటే ఆ మాటలు ఇంటికెళ్ళాకే. ఇది నాకు నష్టమే. కానీ కారు నడుపుతూ మాట్లాడకపోవడం దానికి లాభం, కాబట్టి నోరు మూసుకున్నాను.

ఇక ఎండా వానా. టెక్సస్ జులై మన రెంటచింతల మే నెలకి చుట్టం. అప్పుడు కప్పు తీసి తిరగడం కుదరదు, ఏసీ వేసుకోవాల్సిందే. అక్టోబరు, నవంబరు సాయంత్రాల్లో, మళ్ళీ మార్చిలో ఆ కప్పు ఆనందం. వసంతంలో డాలస్‌లో వడగళ్ళు పడతాయి, కార్ల మీద సొట్టలు పెట్టి అద్దాలు పగలగొట్టే వడగళ్ళు. గుడ్డ కప్పుని ఎవడైనా కత్తితో కోసి లోపల చెయ్యి పెట్టొచ్చు. అందుకని నేనడిగిన మొదటి ప్రశ్న, "బండి రాత్రిపూట ఎక్కడుంటుందమ్మా?" అని. వాళ్ళ అపార్ట్‌మెంట్లో పైకప్పున్న గ్యారేజీ ఉంది, గేటుకి తాళముంది. ఆఫీసులోనూ పార్కింగు నీడలోనే. ఈ జవాబు వేరేగా ఉంటే నా ఓటు కూడా 86కే పడేది. ఆరుబయట పార్కింగు ఉన్నవాళ్ళు గుడ్డ కప్పు బండి జోలికి పోవద్దనే చెప్తాను.

ఇంకో లెక్క మన పిల్లలకే ప్రత్యేకం. హెచ్1బి మీద ఉన్నవాళ్ళ ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి ఉండే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. దొరక్కపోతే సర్దుకుని రావాల్సిందే. అలాంటి బతుకులో రోజూ తిరిగే బండికి తొందరగా అమ్ముడుపోయే గుణం ఉండాలి, దాని మీద అప్పు తక్కువుండాలి. ఈ రెండు కార్లకీ అమెరికాలో అభిమానులున్నారు, మాన్యువల్ గేరే కావాలని వెతుక్కునేవాళ్ళున్నారు. సర్వీసు కాగితాలు సరిగ్గా ఉంటే అమ్మడం కష్టం కాదు. అప్పు మాత్రం ఏడాదిలో తీరేంతే చేయమన్నాను. మిగతాది ఇప్పటిదాకా దాచుకున్న సొమ్ములోంచి పెడుతోంది.

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఇలాంటి కార్లని కుర్రాళ్ళు కొని పందేల ట్రాకుల మీద తోలతారు, సైలెన్సర్లు మారుస్తారు, స్ప్రింగులు కోసి బండిని ఇంకా కిందికి దించుతారు. 86ల్లో ఇది మరీ ఎక్కువ. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టున్న బండినే చూడాలి. 2013 మోడల్ సుబారు బీఆర్‌జెడ్, సయాన్ ఎఫ్ఆర్-ఎస్ కార్లని, అంటే 86 తోబుట్టువుల్ని, ఇంజిను వాల్వ్ స్ప్రింగుల కోసం 2018లో వెనక్కి పిలిచారు. ఆ ఏడాది బండి కొనేవాళ్ళు ఆ పని అయిందో లేదో చూసుకోవాలి. మియాటాల్లో 2016, 2017 నాటి మాన్యువల్ గేర్‌బాక్సులు కొన్ని పాడయ్యాయి, తర్వాత కంపెనీ వాటిని గట్టిపరిచింది. కాబట్టి రెండో గేరు, మూడో గేరు ఎలా పడుతున్నాయో బండి చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా చూడాలి. బండి మీద ఉండే పదిహేడు అక్షరాల, అంకెల నంబరు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొడితే పెండింగు రీకాల్స్ ఉచితంగా తెలుస్తాయి. ఇన్సూరెన్సు ఎంతవుతుందో కూడా ఆ నంబరుతోనే కొనకముందే కనుక్కోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మేవాడి మెకానిక్ దగ్గర కాకుండా మనం ఎంచుకున్న మెకానిక్ దగ్గర చూపించుకోవడం. పెళ్ళి సంబంధం విషయంలో పిల్లాడి తరఫువాళ్ళు చెప్పిందే నమ్మం కదా, ఇదీ అంతే.

మావారి భయం ఒక్కటే నేను తీర్చలేకపోయాను. టెక్సస్ రోడ్ల నిండా మేడలంతేసి పికప్ ట్రక్కులు. వాటి పక్కన ఈ కార్లు బొమ్మల్లా ఉంటాయి, ఎత్తునున్న డ్రైవరుకి కనిపించవు. ఆ మాట నిజం. కానీ 86 కూడా నేల బారుగానే ఉంటుంది, వెనక సీటు దాని ఎత్తు పెంచదు. పగలు కూడా లైట్లు వేసుకోవడం, ట్రక్కు పక్కన ఆగిపోకుండా దాటిపోవడం, నలుపు, బూడిద రంగులు కాకుండా ఎరుపో తెలుపో కొనడం. ఇంతకుమించి చేయగలిగింది లేదు. ఆ భయం రెండు కార్లకీ సమానమే కాబట్టి ఎంపికలో అది తూకం మార్చదు. ఆయన మాత్రం ఇంకా పెద్ద కారు కొనమనే అంటున్నారు. తండ్రి కదా, అననివ్వండి.

ఇవన్నీ వేసి చూస్తే మా అమ్మాయికి మియాటాయే సరైనదని నా అభిప్రాయం. ఒక్కతే ఉంటుంది, బండికి నీడ ఉంది, సామాను తక్కువ, గేర్లు మార్చడం వాళ్ళ నాన్న పాత మారుతి మీద నేర్పిన విద్యే. చిన్న పిల్లలున్నవాళ్ళకీ, నెలకోసారి ఊరూరూ సామానుతో తిరిగేవాళ్ళకీ, ఎండలో వానలో బండి పెట్టుకునేవాళ్ళకీ 86 మేలు. మంచు పడే ఊళ్ళయితే ఏది కొన్నా చలికాలం టైర్లు వేరే కొనాల్సిందే, వెనక చక్రాల బండ్లు మంచులో మొండికేస్తాయి.

"మరి మేమొస్తే?" అని మా అత్తగారు అడిగారు. మేం రెండేళ్ళకోసారి వెళ్తాం, ఆరు వారాలుంటాం. ఆ ఆరు వారాలకి కావాల్సినప్పుడల్లా ఒక పెద్ద కారు అద్దెకి తీసుకుంటే సరి. మిగతా వంద వారాలూ మా కోసం ఖాళీ సీటు మోసుకు తిరగమనడం న్యాయం కాదు. మన ఇళ్ళల్లో అద్దాల బీరువాలో డిన్నర్ సెట్టు ఉంటుంది చూశారా, వచ్చేవాళ్ళ కోసమని. మనం మాత్రం జీవితమంతా సొట్టపడ్డ స్టీలు కంచంలో తింటాం. ఆ పద్ధతిని మన పిల్లల కార్లలోకి కూడా ఎక్కించొద్దు.

మీ అమ్మాయి కూడా రేపు ఏదో ఒక బండి ఫొటో పంపుతుంది. స్పోర్ట్స్ కారే అవ్వొచ్చు, బుల్లెట్టే అవ్వొచ్చు. అప్పుడు మూడే అడగండి. రోజుకి ఎంత దూరం వెళ్తావు, రాత్రి ఎక్కడ పెడతావు, అవసరమొస్తే ఎన్నాళ్ళలో అమ్మగలవు. మూడింటికీ సరైన జవాబు చెప్పిందంటే, అది ఆలోచించుకునే అడుగుతోందన్నమాట. ఆ తర్వాత రంగు గురించి మాట్లాడుకోండి.