కారులో కచేరీ

కొత్తగా కారు కొన్న ఇంట్లో మొదటి పదిరోజులూ రంగు గురించీ, మైలేజీ గురించీ మాట్లాడుకుంటారు. పదకొండోరోజు నుంచి పాటల పేచీ మొదలవుతుంది. ఈ వారం రాజమండ్రి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరంలోనూ అదే సంగతి. వారి నాన్నగారు కచేరీలు చేసేవారట. ఆయన పాడినవి కాసెట్ల మీద ఉంటే, బజారులో ఎవరిచేతనో పెన్ డ్రైవులోకి ఎక్కించారు. తీరా కారులో పెడితే గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఉందట. వారి ఆయన వెళ్ళి కనుక్కుంటే స్పీకర్లూ, ఆంప్లిఫయరూ మార్చాలి, 38,000 అవుతుందన్నారు. మార్చమంటారా అని అడుగుతున్నారు.

ఇప్పుడే వద్దమ్మా. పాలు పలచనైతే గ్లాసు మార్చి ఏం లాభం? ముందు పాలు చూడండి. మీకు బాగా తెలిసిన పాట ఒకటి, మంచి సీడీ నుంచి తీసినది, అదే కారులో పెట్టండి. అది కమ్మగా వినిపిస్తే స్పీకర్ల తప్పేమీ లేనట్టే.

1982లో అమ్మకానికి వచ్చిన సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా వ్రాస్తారు. అయిదు నిమిషాల పాటకు సుమారు 53 మెగాబైట్లు పడుతుంది. అంత చోటు ఎక్కడిది? అందుకని జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సంస్థవారూ, మరికొందరూ కలిసి ఒక ఉపాయం చేశారు. పెద్ద చప్పుడు పక్కన ఉన్న చిన్న చప్పుడు చెవికి ఎలాగూ ఆనదు గదా, దాన్ని తీసిపారేద్దాం అన్నారు. 1995లో ఎంపీత్రీ అని పేరు పెట్టుకున్నది అదే. 128 బిట్ రేట్‌తో చేస్తే ఆ 53 మెగాబైట్లు అయిదుకు లోపే దిగుతాయి. ఒక్క డిస్కులో వంద పాటలు పట్టించాలనుకున్న రోజుల్లో అది వరమే. కాని అంతలా పిండేసరికి తాళాల ఝంకారం నీళ్ళు చల్లినట్టు చెదురుతుంది, తంబురా శ్రుతి మసకబారుతుంది. పోయినది మళ్ళీ రాదు సుమా! 128 ఫైలును 320గా మార్చి ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. పలచని పాలను పెద్ద గిన్నెలోకి ఒంపడమే అది.

కంప్యూటరులో ఫైలు వివరాలు తెరిస్తే బిట్ రేట్ కనబడుతుంది. 256, 320 అని ఉంటే కారుకు దివ్యంగా సరిపోతుంది. ఏమీ పారేయకుండా మడతపెట్టేది ఫ్లాక్ అనే పద్ధతి, 2001లో వచ్చింది. దాన్ని ఇంట్లో బీరువా సరుకులా దాచుకోండి. అద్దాలు ఎత్తుకుని హైవే మీద పోతున్నప్పుడు టైర్ల హోరులో ఫ్లాక్‌కూ, 320కీ తేడా నా చెవులకైతే తెలియలేదు. తెలుస్తుందనేవారితో నాకు తగాదా లేదు.

ఇక అసలు విషయం. ఆ కాసెట్లు ఇంకా ఉన్నాయా? ఎక్కించేశాం గదా అని ఎవరికో ఇచ్చేయలేదు గదా? స్పీకర్లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. నాన్నగారి గొంతు ఆ టేపు మీద తప్ప మరెక్కడా లేదు, టేపు ఏడాదికేడాదీ ముసలిదవుతుంది. వాయించే మెషీన్లో హెడ్డు మాసినా, వెంట్రుకవాసి వంకరగా ఉన్నా పైస్వరాలన్నీ మూగబోతాయి. కనుక ఈసారి తెలిసినవారి దగ్గరకు వెళ్ళి హెడ్డు తుడిపించి, సరిచేయించి, వేవ్ గాని, ఫ్లాక్ గాని చేసి ఇమ్మనండి. బుస్సుమనే చప్పుడు తీసేస్తామంటారు. మొదటి ప్రతిలో తీయనివ్వకండి. ఆ బుసతోపాటు గొంతులోని ఊపిరి కూడా పోతుంది. రేకుడబ్బా మోత చాలాసార్లు ఆ శుభ్రం చేయడంలోనే పుడుతుంది. ముట్టుకోని ప్రతులు రెండు, రెండు ఇళ్ళలో ఉంచండి. కారు కోసం వేరే చేయించుకోండి.

ఫైలు బాగుంటే తరువాత దారి చూడాలి. బ్లూటూత్‌లో పాటను ఫోను మరోసారి పిండి పంపుతుంది. మంచి ఫైలు ఆ దెబ్బ తట్టుకుంటుంది, ఇదివరకే నలిగినది మరీ నలుగుతుంది. పెన్ డ్రైవు గుచ్చితే ఆ బాధ లేదు. అయితే చాలా కార్లు ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన డ్రైవునే చదువుతాయి, ఫ్లాక్‌ను కొన్ని అసలే పాడవు. కారుతో ఇచ్చిన పుస్తకం ఒకసారి తిరగేయండి. (ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు విప్పని ఇళ్ళే ఎక్కువని నా అనుమానం.) ఇంటర్నెట్ నుంచి వినేవారు యాప్‌లో క్వాలిటీ ఎంత పెట్టి ఉందో చూసుకోవాలి. దాన్ని ‘ఆటో’లో వదిలేస్తే సిగ్నల్ తగ్గినచోటల్లా పాటా తగ్గుతుంది. బయలుదేరేముందు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు.

బ్లూటూత్‌లో ఫోను వాల్యూము దాదాపు పూర్తిగా పెంచి, ఎక్కువా తక్కువా కారులోనే చేసుకోండి. బేస్, ట్రెబుల్ సున్నా దగ్గర మొదలుపెట్టండి. అబ్బాయిలు బేస్ చివరికంటా తిప్పుతారు, మృదంగం కాస్తా డప్పు అయి కూర్చుంటుంది. సరౌండ్ వంటి మీటలు పాత పాటలకు పనికిరావు. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు మోనోలో రికార్డయినవి. సాగదీస్తే గొంతు బోలుపోతుంది. మన కార్లలో నడిపేవారు కుడిపక్క కూర్చుంటారు కనుక ఆ తలుపు స్పీకరే ఎక్కువ వినిపిస్తుంది. బ్యాలెన్సు ఒక గీత ఎడమకు జరపండి. వెనక సీట్లో అత్తగారు ఉంటే ఒక గీత వెనక్కు కూడా.

ఇవన్నీ చేసినా మంచి పాట కూడా బరబరమంటుంటే అప్పుడు ముందు తలుపుల స్పీకర్ల జత ఒక్కటే మార్చి చూడండి. ఆక్స్ వైరుతో వినేవారికి ఆక్సిలరేటరు తొక్కినకొద్దీ కీచుమనే రాగం ఒకటి వినబడుతుంది. అప్పుడు ఫోను ఛార్జరు పీకి చూడండి. రాగం ఆగిపోతే అది ఎర్తు తగాదా. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న సాధనం అమ్ముతారు, వైరు మధ్యలో తగిలిస్తే చాలు.