చేతిలోని ఫోను ఎవరి సొత్తు?

స్మార్టుఫోను వచ్చినది మొదలు పిల్లలు చెడిరనెడి మాట మన జిల్లాలలో నానాటికి వేదవాక్యమగుచున్నది. అరసవల్లి అరుగులమీదను, శ్రీకాకుళము టీదుకాణములలోను, విజయనగరము సభావేదికలమీదను ఇదే పాట. ఈ పాట పాడువారిలో పలువురు దానిని వాట్సాపు మార్గముననే లోకమునకు పంపుచుండుట వేఱు సంగతి. యంత్రమును నిందించుట సులభము, తెలిసికొనుట కష్టము. మనవారు సులభమైన దానినే యెంచుకొనిరి.

అరసవల్లి వారికైనను ఈ యలసత తగదు. మార్చియందును అక్టోబరునందును కొన్ని దినములు ఉదయకిరణములు సూర్యనారాయణస్వామి పాదములను తాకుట చూచుటకు జనులు దూరదేశములనుండి వత్తురు. సూర్యగమనమును కనిపెట్టి ద్వారముల దిక్కును నిర్ణయించిన ఆ శిల్పులెవరో గాని, వారు శాస్త్రమును చూచి జడిసినవారు కారు. వారి పనిని మహిమయని పొగడుచు, జేబులోని యంత్రమునందేమి జరుగుచున్నదో అడుగనొల్లని మనము వారికేవిధమున వారసులము?

మొదట ఆటల సంగతి. వీడియో గేము అనగానే పెద్దలు మొగము చిట్లింతురు. కాని యీ పేరుక్రింద రెండు వేఱు వస్తువులున్నవి. మన తాతలు బండలమీద గీతలు గీసి పులిజూదమాడిరి. దాని పేరులో జూదమున్నది, ఆటలో పందెము లేదు. నేటి రమ్మీ యాపు పేరులో జూదము లేదు, లోపలనున్నదంతయు జూదమే. ధర్మరాజు పాచికలాడి రాజ్యము పోగొట్టుకొనెనని ఇంటింట చదరంగపు పలకలను తగులబెట్టుదుమా?

2020 సెప్టెంబరులో రెండు నిషేధములొక్క మాసముననే వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆన్‌లైను రమ్మీ మొదలైన పందెపుటాటలను ఆర్డినెన్సుచే నిషేధించెను. కేంద్రప్రభుత్వము పబ్జీతోగూడ 118 యాపులను నిషేధించెను. మొదటిది జూదముపై వేటు. రెండవది దేశరక్షణ, పౌరుల సమాచారము అను కారణములు చూపి చేసినదేకాని పిల్లల చదువునుద్దేశించినది కాదు. మనవారు రెంటిని ఒక్కగాట గట్టి సంతోషించిరి. మఱుసటి యేడు జూలైలో ఆ యాటయే బి.జి.ఎం.ఐ. అను పేరుతో తిరిగివచ్చినప్పుడు వారి సంతోషమేమయ్యెనో విచారించినవారు లేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము ఈ భేదమును తేటపఱచినది: డబ్బొడ్డి యాడు ఆటలను నిషేధింపవలెనన్నది, ఇ-స్పోర్ట్సును ప్రోత్సహింపవలెనన్నది. పార్లమెంటు గ్రహించిన భేదము మన అరుగులకింకను చేరవలసియున్నది.

పందెములేని ఆటలన్నియు పవిత్రములని నేననుట లేదు. ఉచితమని పిలిచి, పిమ్మట తుపాకికి రంగును బొమ్మకు చొక్కాయిని అమ్ము ఆటలు కలవు. రొక్కమిచ్చి తెఱచిననుగాని లోపలనేమున్నదో తెలియని పెట్టెలను అమ్మునవియు కలవు. ఇవి జూదమునకు దాయాదులు. బెల్జియము దేశపువారు 2018లోనే ఇట్టి పెట్టెలను జూదముక్రింద కట్టిరి. తండ్రులు కొడుకును కొట్టుటకు ముందు, వాడాడు ఆట యే జాతిదో ఒక్క అరగంట ప్రక్కన కూర్చుండి చూచినచో ఎంతయో మేలు.

ఇంతకును ఆట పైపూత. దానికడుగున ఆపరేటింగు సిస్టమున్నది. ఏ యాపు మైకును వినవలెను, ఏది కెమెరాను తెఱవవలెను, ఏది మనమున్న చోటును కనిపెట్టవలెను అనునదంతయు దాని చేతిలోనిది. మన జిల్లాల ఫోనులలో మిక్కిలిగా నున్నది ఆండ్రాయిడు. దాని మూలము లినక్సు. హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లీనస్ టోర్వాల్డ్స్ 1991లో దానిని వ్రాసి లోకమునకు విప్పి పెట్టెను. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. అట్టి పునాదిమీద కట్టిన యిల్లు మనకమ్మునప్పుడు కంపెనీవారు తాళము తమయొద్దనే యుంచుకొనుచున్నారు. అడుగని యాపులను ముందే నింపి యిత్తురు; వానిలో కొన్నింటిని తీసివేయుటకును వీలులేదు. రొక్కమిచ్చి కొన్నవాడు తన వస్తువునకు అద్దెకాపుగా మిగులుచున్నాడు.

మఱియొక అన్యాయము కలదు. 2023లో గూగులు, 2024లో శాంసంగు తమ ఖరీదైన ఫోనులకు ఏడేండ్లవఱకు రక్షణపు సవరణలిత్తుమని మాటయిచ్చినవి. చవుకఫోనులకట్టి దీర్ఘాయువు లేదు. పలుఫోనులకు రెండు మూడేండ్లలోనే సవరణలాగిపోవును. అనగా పలాస జీడితోటలోని కూలియు, కళింగపట్నపు పల్లెకారుడును యు.పి.ఐ. ద్వారా బ్యాంకు సొమ్ము నడపునది గడియలేని తలుపువంటి ఫోనుతో. దొంగలు పడినప్పుడు మనము అతని అజ్ఞానమును నిందింతుము. గడియ చేయనివానిని నిందింపము.

ఇక భాష. ఫోను నడిపించువాడు మొదట ఒత్తునది “అంగీకరించుచున్నాను” అను మీట. దేనికి? ఇంగ్లీషులో పదుల పుటల ఒడంబడికకు. కచేరిలో తెలియని కాగితముపై వేలిముద్ర వేయించుట మోసమని మన పెద్దలు పోరాడిరి. అదే వేలిముద్ర నేడు గాజుపలకపై దినమునకు పదిమార్లు పడుచున్నది. శ్రీముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనులకు తెలియని భాషలో చదువు చెప్పుట చదువు కాదని జీవితమంతయు వాదించిరి. సవరలకొఱకు వారి భాషనే నేర్చి 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి. ఆయన వాదము బడిపుస్తకములతో ముగిసినదనుకొనుట మన పొరపాటు.

తెలుగు లిపి యంత్రములకు అసాధ్యమనెడి సాకు చెల్లదు. యూనికోడు మొదటి కూర్పు, 1991నాటిది, అందే తెలుగు చేరినది. హైదరాబాదులో 2005 ప్రాంతమున మొదలైన స్వేచ్ఛ ఉద్యమమువారు ఆపరేటింగు సిస్టమునే తెనిగించిరి. లోపము అక్షరములందు లేదు, శ్రద్ధయందున్నది. 2018 ఫిబ్రవరిలో “జ్ఞా” అను అక్షరపు ఒక కూర్పు తెరపై పడగానే ఆపిలు ఐఫోనులలో సందేశపు యాపులు కుప్పకూలినవి. లోకమంతయు నవ్వెను, కొందఱు తెలుగువారును నవ్విరి. ఆ కంపెనీ కొలది దినములలో 11.2.6 కూర్పుతో సరిదిద్దినది. కోట్లమంది వ్రాయు లిపిని ముందుగా పరీక్షించియుండినచో ఆ నవ్వు మనకేల? జ్ఞానము అను మాట వ్రాయుటకే యంత్రము తడబడెనని చమత్కరించుట కంటె, పరీక్షింపలేదేమని యడుగుట మేలుగా నుండెడిది.

బడులలోను ఇదే తీరు. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము బడులలోని 8వ తరగతి పిల్లలకు బైజూస్ పాఠములు నింపిన ట్యాబులు పంచెను. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా విచారణకు వచ్చెను. ట్యాబులు పంచుటను నేను తప్పుపట్టను. బీదపిల్లలకు యంత్రము దక్కుట మంచిది. ఆ యంత్రము ఎట్లు పనిచేయునో చెప్పు పాఠమొక్కటి లేకపోవుటయే నా ఫిర్యాదు. చూచుటకు మాత్రమే నేర్చినవాడు కొనుగోలుదారుడగును. విప్పి చూడ నేర్చినవాడే పనివాడు.

ఆగస్టు 29న గిడుగువారి చిత్రమునకు దండలు వేయు సభలవారికి ఒక్క మనవి. ఈ యేడు దండకు ముందు సభలోని ప్రతివారును తమ ఫోనును తెలుగునకు మార్చి ఒక వారము వాడి చూతురుగాక. ఎచ్చట ఇంగ్లీషు మిగిలినదో, ఎచ్చట తెలుగు తెలియరాకున్నదో వ్రాసి కంపెనీలకును, స్వేచ్ఛవంటి సంఘములకును పంపుడు. మైకు, కెమెరా అనుమతులడుగు పలకనుండి మొదలుపెట్టుడు. మన యింటి మాటలు వెలికిపోవు ద్వారమదియే.