నింద కంటే ముందు విచారణ

ఉర్దూలో ఒక సామెత కలదు: "నాచ్ న జానే, ఆంగన్ టేఢా." నాట్యము రానివారు వాకిలి వంకరగా ఉన్నదని అందురట. తెలుగులో అదే భావమును "ఆడలేక మద్దెల ఓడు" అని చెప్పుకొందుము. రెండు భాషలు ఒకే వరండాలో వినిపించు మన కళాశాలలో ఈ సామెతను ఎరుగనివారు ఉండరు. వాకిలి, మద్దెల ఆ కాలపు నిందితులు. ఈ కాలమునకు తగిన నిందితుడు కొత్తగా కొన్న సెల్‌ఫోను. గ్రంథాలయములో వైఫై నిలిచిపోయినను, కంప్యూటర్ గదిలో పుటలు తెరుచుకొనకున్నను, "ఈ కొత్త ఫోన్లు వచ్చిన నాటి నుండే ఈ బాధ" అను మాట మొదట పుట్టును. ఆ మాట నిజమో కాదో తెలిసికొనుటకు ముందే తీర్పు వెలువడును. ఈ తొందరపాటును గూర్చి కొన్ని మాటలు విద్యార్థి మిత్రులకును, కళాశాల కమిటీలోని పెద్దలకును విన్నవించుకొనవలెనని మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

గత విద్యా సంవత్సరములో మన ప్రాంగణములో జరిగిన సంగతిని ముందుగా జ్ఞాపకము చేయుదుము. అవి స్కాలర్‌షిప్ దరఖాస్తుల గడువు సమీపించుచున్న దినములు. గ్రంథాలయములో వైఫై కొందరికి అందుచుండెను, కొందరికి అందకుండెను. ఆఫీసులోని కంప్యూటర్లు మాత్రము ఏ ఆటంకము లేక పనిచేయుచుండెను. మొదటి సంవత్సరపు విద్యార్థుల కొత్త ఫోన్లు ఎంత ప్రయత్నించినను కలియకుండెను. దీనిని చూచి, నెట్‌వర్కు బాగుగనే ఉన్నదనియు, కొత్త ఫోన్లే దానిని చెడగొట్టుచున్నవనియు అందరూ నిశ్చయించినారు. రెండు దినములలో నోటీసు వెలసినది. గ్రంథాలయములోనికి ఫోన్లు తీసికొని రాకూడదనియు, తెచ్చినవారు గేటు వద్ద అప్పగించి రావలెననియు దాని సారాంశము.

ఈ నోటీసు వలన కష్టపడినది ఎవరు? ఇంట్లో కంప్యూటరు ఉన్నవారు కష్టపడలేదు. తండ్రి ఆటో నడుపగా, అన్న గల్ఫు దేశము నుండి పంపిన డబ్బుతో ఒక ఫోను కొనుక్కొని, దానిలోనే పాఠములు చదువుకొని, దానిలోనే దరఖాస్తులు నింపుకొను విద్యార్థిని కష్టపడినది. ఆమెకు ఆ ఫోను విలాసవస్తువు కాదు. అదే ఆమె పుస్తకాల బీరువా, అదే ఆమె కంప్యూటర్ గది. దరఖాస్తు కొరకు బయటి ఇంటర్నెట్ సెంటరులో వరుసలో నిలువబడి, బస్సు చార్జీకి ఉంచుకొన్న పైకమును అక్కడ ఇచ్చి వచ్చినవారిని మేము ఎరుగుదుము. అంతకు మించి, "మీ వల్లనే ఇదంతా" అను మాటను వారు మోయవలసి వచ్చినది.

ఫోన్లు గేటు వద్దనే ఆగిపోయినవి. అయినను వైఫై బాగుపడలేదు. అప్పుడు కంప్యూటర్ గదిని చూచుకొను సహాయకునికి ఒక ఆలోచన తోచినది. బీరువాలో చాలకాలముగా మూలబడియున్న కళాశాలవారి పాత ల్యాప్‌టాపును తీసి, దుమ్ము దులిపి, గ్రంథాలయములో తెరచి చూచినారు. అదియు కలియలేదు! ఎన్నో ఏండ్ల నాటి ఆ యంత్రమును కొత్త వస్తువని ఎవరనగలరు? ఆ చిన్న పరీక్షతో విచారణ సరియైన దారిన పడినది.

అసలు సంగతి ఇది. నెట్‌వర్కులో చేరు ప్రతి యంత్రమునకు సర్వరు ఒక చిరునామాను కొంత గడువుకు ఇచ్చును. మన గ్రంథాలయమునకు కేటాయించిన వరుసలో ఉన్న చిరునామాలు మొత్తము 254. గడువు ఎనిమిది దినములు. సర్వరును బిగించిన నాడు ఉన్న అమరిక అదియే. దానిని ఎవరును మార్చలేదు. ఆ వారమునకు ముందే మన కళాశాలలో ముషాయిరా జరిగినది. వచ్చిన అతిథులకు మర్యాదగా వైఫై సంకేతపదమును చెప్పితిమి. కవులు, శ్రోతలు ఆనందించి ఇండ్లకు వెళ్ళినారు. వారి ఫోన్లకు ఇచ్చిన చిరునామాలు మాత్రము వారి పేరిటనే నిలిచిపోయినవి. లాడ్జిలో గదులన్నియు ఖాళీగా ఉన్నను, వెళ్ళిపోయినవారి పేరిట తాళములు వేసి ఉంచినట్లయినది. చిరునామా ముందే పొందియున్న ఆఫీసు కంప్యూటర్లకు ఏ లోటు లేదు. కొత్తగా వచ్చి తలుపు తట్టినవారికే చోటు లేదు. అనగా కొత్త ఫోను ఇక్కడ దోషి కాదు, బాధితుడు. మొదట దెబ్బ తిన్నది అదియే గనుక మొదట కంటపడినది అదియే. కంటపడినది గనుక నిందను మోసినది. గేటు వద్ద ఫోన్లను నిలిపివేయుట వలన ప్రయోజనము ఎందుకు కలుగలేదో కూడ ఇప్పుడు తేటపడును. ఫోను దూరమైనంత మాత్రమున చిరునామా విడుదల కాదు. గడువును ఎనిమిది దినముల నుండి కొన్ని గంటలకు తగ్గించిన తరువాత బాధ తీరినది. దానికి ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ఇట్టి పొరపాటు మన వంటి చిన్న కళాశాలలకే పరిమితమని ఎవరును చిన్నబుచ్చుకొననక్కరలేదు. ధనమునకు, నిపుణులకు కొరత లేని పెద్ద విశ్వవిద్యాలయములలోను ఇది జరిగినది. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రములో డ్యూక్ విశ్వవిద్యాలయము కలదు. యాపిల్ సంస్థవారి మొదటి ఐఫోను 2007 జూన్ 29న అమ్మకమునకు వచ్చినది. జూలై మధ్యకాలములో డ్యూక్ ప్రాంగణములోని వైఫై కేంద్రములు ఇరవై, ముప్పది చొప్పున, ఒక్కొక్కసారి పది పదిహేను నిమిషముల వరకు మూగవోవసాగినవి. పరిశీలించి చూడగా ఐఫోనుల నుండి వచ్చినట్లు కనబడు చిరునామా ప్రశ్నలు సెకనుకు 18,000 వరకు ఉన్నట్లు తేలినది. ప్రాంగణములో నమోదైన ఐఫోనులు 150 మాత్రమే. వార్త క్షణములలో లోకమంతట పాకినది. కొత్త ఫోను ఒక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కును కూల్చినదని పత్రికలు వ్రాసినవి.

ఒక్క క్షణము ఆగి ఆలోచించిన, అనుమానమునకు అప్పుడే తావున్నది. జూన్ నెల ముగియునప్పటికే అమ్ముడైన ఐఫోనులు 2,70,000. దోషము ఫోనుదే అయినచో, అవి చేరిన ప్రతి చోట ఇదే గొడవ పుట్టవలెను గదా! కొద్ది దినములకే నిజము బయటపడినది. జూలై 20న విశ్వవిద్యాలయమువారే స్వయముగా ప్రకటన చేసినారు. లోపము ఫోనులో లేదనియు, సిస్కో సంస్థవారి పరికరములతో కూడిన తమ నెట్‌వర్కులోనే ఉన్నదనియు, ఆ సంస్థ దానిని సరిచేసినదనియు తెలిపినారు. జూలై 24న సిస్కోవారు తమ వైఫై కంట్రోలర్లలోని ఆ లోపమును వివరించుచు హెచ్చరికను వెలువరించినారు.

ఆ లోపము ఎట్టిదో సామాన్యభాషలో చెప్పుదుము. ఒకచోటి నుండి మరియొక చోటికి వచ్చిన యంత్రము, "నేను ఇంతకు ముందున్న నెట్‌వర్కులోనే ఉన్నానా?" అని తెలిసికొనుటకు, ముందు ఎరిగిన రౌటరునకు నేరుగా ఒక ప్రశ్నను పంపును. ఇది దొంగచాటు పని కాదు. 2006లో అందరికీ తెలియునట్లు ప్రకటింపబడిన ప్రమాణములో ఉన్న పద్ధతియే. ఆ రౌటరు ఆ ప్రాంగణములో లేనప్పుడు, ఈ ఉత్తరము ఎవరిదో తెలియని స్విచ్చులు దానిని అన్ని దారులకు పంచును. అది రెండవ కంట్రోలరు చేతికి వచ్చును. అది ఊరకుండక, ఆ ఉత్తరమును తిరిగి నెట్‌వర్కులోనికే వదలును. ఆ విధముగా ఒకే ప్రశ్న మరల మరల చుట్టు తిరిగి వరదయగును. ఊరికి కొత్తగా వచ్చిన బాటసారి దారి యేదని ఒక్కసారి అడిగినాడు. ఆ మాటను ఊరివారే ఒకరికొకరు అరచి చెప్పుకొని సంత చేసినారు. సంత అంతటికి బాటసారిని బాధ్యుని చేయుట న్యాయమా?

అట్లని కొత్త వస్తువులన్నియు నిర్దోషులని వాదించుట మా ఉద్దేశము కాదు. పక్షపాతము ఏ వైపునకైనను పక్షపాతమే. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అను పలక వంటి యంత్రము అమెరికాలో విడుదలైనది. ఆ నెలలోనే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయములో ఒక లోపమును గుర్తించినారు. పైన చెప్పిన చిరునామా గడువు ముగిసిన తరువాతను, దానిని పొడిగించుకొనకయే, కొన్ని ఐప్యాడ్‌లు అదే చిరునామాను వాడుకొనుచుండెను. అదే చిరునామా మరియొకరికి ఇచ్చినచో ఇద్దరికీ చిక్కే. ఇక్కడ దోషము నిజముగా కొత్త యంత్రముదే. కాని అచ్చటి ఇంజనీర్లు ఊహతో నిందింపలేదు. ఏ యంత్రము ఎప్పుడు చిరునామా పొందినది, గడువు ఎప్పుడు ముగిసినది, తరువాత ఏమి చేసినది అను వివరములను నమోదు చేసి, అందరికీ తెలియునట్లు వ్రాసి పెట్టినారు. తప్పు చేసిన యంత్రములను మాత్రము ఆపినారు గాని, ఐప్యాడ్ అను పేరున్న ప్రతి వస్తువును నిషేధింపలేదు. నిందకును నిరూపణకును ఉన్న భేదము ఇదియే.

మరి మనము కొత్తదానినే ఎందుకు అనుమానింతుము? ఇంట్లో కొత్త కోడలు కాలు పెట్టిన నాడు పాలు విరిగినచో, ఆమె వచ్చిన వేళను తప్పుపట్టు అలవాటు మన సమాజములో లేకపోలేదు. పాలు విరుగుటకు గిన్నె శుభ్రము కారణము కావచ్చును, ఎండ కారణము కావచ్చును. కాని గిన్నె పాతది, ఎండ రోజూ ఉండునది. కంటికి కొత్తగా కనబడునది కోడలొక్కతే. ముందు జరిగినదెల్ల తరువాతిదానికి కారణము కాదను తర్కపు మొదటి పాఠమును మనము తరగతిలో వ్రాసి మార్కులు తెచ్చుకొందుము. తరగతి బయట మరచిపోవుదుము. మరియొక కారణమును కూడ నిర్మొగమాటముగా చెప్పవలెను. కొత్త వస్తువును నిందించుట సులభము. మన సర్వరును, మన తీగలను, మన ఏర్పాట్లను పరీక్షించుట శ్రమతో కూడినది. ఆ పరీక్షలో తప్పు మనదేనని తేలు ప్రమాదము కూడ కలదు. విద్యార్థి ఫోను ఎదురు తిరిగి సమాధానము చెప్పదు.

కావున కమిటీలోని పెద్దలకు మా విన్నపములు ఇవి. నెట్‌వర్కులో చిక్కు వచ్చినప్పుడు నోటీసు వ్రాయుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుదురు గాక. పాత యంత్రముతోను ఇదే చిక్కు వచ్చుచున్నదా? అదే కొత్త యంత్రము మరియొక చోట సరిగా పనిచేయుచున్నదా? అనుమానించిన వస్తువును తొలగించిన తరువాత చిక్కు తొలగినదా? వీటికి నిపుణులు అక్కరలేదు. ఒక్క గంట ఓపిక చాలును. ఎన్ని చిరునామాలు ఉన్నవి, ఎన్ని ఖర్చయినవి, గడువెంత, ఏ దినమున ఏ మార్పు చేసితిమి అను వివరములను ఒక పుస్తకములో వ్రాయించి ఉంచవలెను. తప్పనిసరిగా ఆంక్ష పెట్టవలసి వచ్చినచో, దరఖాస్తుల గడువు ఉన్న విద్యార్థులకు ప్రత్యామ్నాయము చూపిన తరువాతనే పెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది చివరిది. నింద తప్పని తేలినప్పుడు, నోటీసును మౌనముగా చించివేయుటతో సరిపెట్టుకొనరాదు. అదే బోర్డుపై, అంతే పెద్ద అక్షరములతో, కారణము ఫలానాయని ప్రకటింపవలెను. డ్యూక్‌వంటి సంస్థ లోకమంతటి యెదుట తన మాటను సరిదిద్దుకొన్నది. దాని గౌరవము తగ్గలేదు. మన నోటీసు మాత్రము ఒకనాటి ఉదయము బోర్డుపై కనబడకుండ పోయినది. ఆ నిందను మోసినవారికి ఆ సంగతి నేటికిని ఎవరును చెప్పలేదు. ఈ వ్యాసమైనను వారికి చేరునని మా ఆశ.

విద్యార్థి మిత్రులారా, మనకును బాధ్యత కలదు. మనము నిర్దోషులమైనంత మాత్రమున మన ఫోన్లు ఎల్లప్పుడును నిర్దోషులని గంతులు వేయరాదు. పరీక్షకు యంత్రమును ఇమ్మని అడిగినప్పుడు దాచుకొనక ఇవ్వవలెను. ఏ వేళ, ఏ గదిలో, ఏమి జరిగినదో ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. "నెట్ రావడము లేదు" అని అరచుట ఫిర్యాదు మాత్రమే. "పదకొండు గంటలకు, గ్రంథాలయములో, నా ఫోనునకు చిరునామా దొరకలేదు" అని చెప్పుట సాక్ష్యము.

రేపు మరియొక కొత్త యంత్రము వచ్చును. దానిని చేతబట్టుకొని ఒక విద్యార్థి మన గేటు దాటి వచ్చును. ఆ దినమున నెట్‌వర్కు నిలిచిపోయినచో, మనము మొదట చూడవలసినది ఆ విద్యార్థి ముఖమును కాదు, మన సర్వరును. వాకిలి వంకరయో, ఆట రాకయో తేల్చిన తరువాతనే మాట్లాడుదము.