రేడియేటర్ మరిగితే లారీ అమ్ముకుంటామా?

మొన్న మా ఇంట్లో వారం రోజులు ఒకటే మష్వరా. ఆరేళ్ల నాటి నా లాప్‌టాప్ వేడెక్కుతోంది. పావుగంట నడిస్తే ఫ్యాను గిర్నీ లెక్క మోగుతుంది, ఒళ్లో పెట్టుకోలేనంత కాలుతుంది, అరగంటకల్లా దానంతటదే బంద్ అవుతుంది. నా రిపోర్టులు దానిమీదే. బిడ్డ డిగ్రీ పాఠాలూ దానిమీదే. ఇమ్తెహాన్‌లు ఇరవై రోజుల్లోకొచ్చాయి.

పట్నంలో ఒక దుకాణంలో చూపిస్తే, విప్పకుండానే “మదర్‌బోర్డు పోతున్నది సార్, కొత్తది తీసుకోండి” అన్నాడు. నలభై ఐదు వేలు. “చేతిల లేకుంటే ఈఎంఐ ఉంది, వడ్డీ లేదు” అని కాగితం కూడా తీశాడు.

ఇంటికొచ్చి చెబితే మా బేగం “సూద్ పైసలతో కొన్న మిషిన్ మీద బిడ్డ ఇల్మ్ నేర్వాల్నా?” అని ఊరుకుంది. బిడ్డ మాత్రం “ఫోన్‌లో చదువుకుంటా తియ్ అబ్బా” అంది. ఆ మాటకే ఎక్కువ తకలీఫ్ అయ్యింది నాకు.

రామన్నపేట నుంచి చిట్యాల హైవే దాకా రోడ్డెంబడి చూడండి. పంక్చర్, వెల్డింగ్, రేడియేటర్ దుకాణాల్లో మనవాళ్లు ఎంతమంది! లారీ మరిగితే ఉస్తాద్ రేడియేటర్ విప్పి, గొట్టాల్లో పేరుకున్నది తోడేసి, మళ్లీ బిగించి పంపిస్తాడు. లారీ అమ్ముకొమ్మని ఎవరన్నా అంటారా? లాప్‌టాప్ కథా అదే. లోపల రాగి గొట్టం, దాని చివర సన్నటి రేకులు, వాటిగుండా గాలి తోసే ఫ్యాను. మన ఎండాకాలం దుమ్మంతా పోయి ఆ రేకులకే పడుతుంది. ప్రాసెసర్ మీద పూసిన థర్మల్ పేస్టు ఏండ్లు గడిస్తే ఎండిపోతుంది. వేడి బయటికి పోలేనప్పుడు ప్రాసెసర్ ముందు తనే నెమ్మదిస్తుంది, వంద డిగ్రీల దగ్గరికొస్తే మిషిన్ ఆగిపోతుంది. అది చావడం కాదు, జాన్ కాపాడుకోవడం. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాకే ఆగుతుంటే ముందు షక్ పడాల్సింది దుమ్ము మీద.

రైలెక్కి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయాను. “నా ముందే విప్పు భాయ్” అని ఒక మెకానిక్ పక్కన కూర్చున్నా. రేకులకూ ఫ్యానుకూ మధ్య దూది పరుపు లెక్క దుమ్ము! బ్రష్షు, బ్లోయర్, కొత్త పేస్టు. గంట పని, ఏడు వందలు. అల్హందులిల్లాహ్, ఇప్పుడు రాత్రంతా రాసినా ఫ్యాను చప్పుడు వినబడదు.

ప్రతి పాతదాన్నీ పట్టుకుని వేలాడమని అనట్లేదు. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తే ఆ రోజే వాడకం ఆపండి, చార్జింగ్ పెట్టకండి, బ్యాటరీ మార్చాల్సిందే. నిజంగా బోర్డే కాలి, ఖర్చు సెకండ్‌హ్యాండ్ ధరలో సగానికొస్తే వదిలేయండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరన్నా ఉండాలి. అంతకన్నా పాతదైతే లినక్స్ వేయించుకోవచ్చు, అందులో ఉర్దూ, తెలుగు రెండూ టైపు చేసుకోవచ్చు.

ఇక ఆ “వడ్డీ లేని” ఈఎంఐ. ఫత్వా చెప్పే హైసియత్ నాది కాదు, ఆలిమ్‌ను అడగండి. జర్నలిస్టుగా ఒకటి చెప్తా: సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇప్పుడు నడిచే “నో కాస్ట్” స్కీముల్లో సాధారణంగా బ్యాంకు వడ్డీ వేస్తుంది, కంపెనీ అంత డిస్కౌంట్ ఇస్తుంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద జీఎస్‌టీ, ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా మన నెత్తినే. సంతకం పెట్టే ముందు కాగితంలో సూద్ అన్న లైన్ వెతకండి.

హుజూర్ (స.అ.స) తన చెప్పులు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయెషా (ర.అ) చెప్పిన రివాయత్ మనందరికీ జబానీ వచ్చు. జుమా బయాన్‌లలో వింటాం, బయటికొచ్చి ఫ్యాను మోగిందని లాప్‌టాప్ పారేస్తాం. పారేస్తున్నది మెకానిక్‌ల పిల్లలమే, అదే నా గుస్సా. ఇంజిన్ విప్పకుండా బండి పోయిందంటే మా అబ్బాజాన్ ఆ ఉస్తాద్ మొహం మళ్లీ చూసేవాడు కాదు.

బిడ్డ ఇమ్తెహాన్‌లు అయిపోయాయి. లాప్‌టాప్‌ను పరుపు మీద పెడితే ఇప్పుడు నాకన్నా ముందు మా బేగమే అరుస్తోంది. దాని కింద రొట్టెల పీట పెట్టారు. కొత్తదాని కోసం నెలకు వెయ్యి గల్లాలో వేస్తున్నాం, ఇన్షాఅల్లాహ్ నగద్‌గానే కొంటాం.